నైరుతి గదిలో ఇనప్పెట్టె

భూలక్ష్మి కొంగుకు బీరువా తాళంచెవి ముడిపడి ఒక వానాకాలం గడిచిపోయింది. స్నానానికి వెళ్తే అది గోడ కొక్కేనికి వేలాడేది, పడుకుంటే దిండు గలీబులోకి పోయేది, గుడికి వెళ్తే ఆమె వెంటే గుడికి వచ్చేది. ఎల్లేశం ఇంట్లో బంగారమంతా బ్యాంకు లాకర్లో ఉంటుందని నార్సింగిలో తెలియనివాళ్లు లేరు, ఎందుకంటే చెప్పుకు తిరిగింది ఎల్లేశమే. మరి చీరలు తప్ప ఏమీ లేని బీరువాకు ఈవిడగారి కాపలా ఏమిటని తోడికోడళ్లు చాటుగా నవ్వుకున్నారు. నవ్వుకోనిమ్మని భూలక్ష్మి ఊరుకుంది. ఆ పట్టుచీరల మడతల కింద మొగుడి రివాల్వర్ ఉంది. దొంగలెవరైనా వచ్చి దాన్ని ఎత్తుకుపోతే ఆమె దేవుడికి కొబ్బరికాయ కొట్టేది. అది కొడుకు మహేశ్ చేతికి చిక్కకూడదు, ఆమెకు కావలసింది అంతే.

ఔటర్ రింగ్ రోడ్డు వచ్చి నార్సింగి పొలాలన్నీ ప్లాట్లయిన రోజుల్లో ఎల్లేశం కూడా నాగలి పక్కనపెట్టి రియల్ ఎస్టేట్‌లో దిగాడు. హద్దురాళ్ల తగాదా ఒకదానిలో ఎవరో అతని కారు అద్దాలు పగలగొట్టారు. ఆ వంకన తిరగాల్సిన చోటల్లా తిరిగి లైసెన్సు సంపాదించాడు. కొన్నాక ఆ తుపాకీని ఎవరి మీదా ఎత్తిన పాపాన పోలేదు. అది దసరానాడు పసుపు కుంకుమ పెట్టించుకునేది, పెళ్లిళ్లలో చొక్కా కింద కాస్త ఉబ్బెత్తుగా కనిపించేది, మళ్లీ వచ్చి చీరల్లో పడుకునేది. అయినా అది ఉన్నందుకే నలుగురూ తనను చూసి కుర్చీల్లోంచి లేస్తున్నారని ఎల్లేశానికి గట్టి నమ్మకం.

మహేశ్ ఒక్కగానొక్క కొడుకు. గచ్చిబౌలిలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేసేవాడు. ఎండాకాలంలో ఆ ఉద్యోగం ఊడింది. తండ్రికి చెప్పే ధైర్యం లేక రోజూ పొద్దున్నే బ్యాగు తగిలించుకుని వెళ్లి, ఎక్కడెక్కడో కూర్చుని, చీకటిపడే వేళకు ఇల్లు చేరేవాడు. ఆషాఢం చివర్లో ఒకనాడు వాడు నిద్ర లేవలేదు. లేవకూడదనే పడుకున్నాడు. దవాఖానలో నానా తంటాలు పడి వాణ్ని బతికించారు. డాక్టర్ కిరణ్మయి తల్లిని పక్కకు పిలిచి, ఇంట్లో ప్రమాదమైన వస్తువేదీ కొన్నాళ్ల పాటు అబ్బాయి చేతికి అందకూడదమ్మా అని చెప్పింది. భూలక్ష్మికి ముందుగా బీరువాలో పట్టుచీరల అర గుర్తొచ్చింది. ఆ సమయానికి ఎల్లేశం అక్కడ లేడు, వరండాలో పచార్లు చేస్తూ ఫోన్లలో ఉన్నాడు.

"ఏం లేదన్నా, బయట బిర్యానీ తిన్నడు. ఫుడ్ పాయిజన్ అయింది" అని ఒక్కొక్కరికీ పేరుపేరునా చెబుతున్నాడు.

ఇంటికి వచ్చాక భార్యకూ అదే పాఠం అప్పగించాడు. "నోరు జారకు. రేపు వానికి పిల్లనియ్యాలె ఎవలన్నా. ఒక్కసారి ముద్రపడ్డదంటే ఇగ అంతే."

ఆమె తలూపింది. ఎల్లేశం ఆ బిర్యానీ కథను ఎంతమందికి చెప్పాడంటే చివరికి తానే నమ్మేశాడు. ఆ హోటలోడి మీద కేసు వేస్తానని కూడా ఒకరిద్దరి దగ్గర ఎగిరాడు. తాను అల్లిన అబద్ధంలో తానే కాపురం పెట్టిన మనిషిని బయటికి పిలవడం పెళ్లాం వల్ల అవుతుందా? భూలక్ష్మి పిలవలేదు. తాళంచెవి కొంగున కట్టుకుని, ఏసీ పడడం లేదని సాకు చెప్పి, కొడుకు గది ముందు హాల్లో చాప వేసుకుని పడుకోవడం మొదలుపెట్టింది. ఆ బీరువా తాళం ఎంత గట్టిదో ఆమెకు తెలుసు. బలంగా రెండుసార్లు గుంజితే ఊడి చేతికొస్తుంది.

కార్తీకంలో లైసెన్సు రెన్యువల్‌కు వెళ్లినప్పుడు పోలీసాయన ఎల్లేశాన్ని గట్టిగానే తలంటాడు. ఆయుధాన్ని చీరల మధ్య దాచుకోవడమేమిటి, గోడకో నేలకో బిగించిన ఇనప్పెట్టెలో ఉండాలి, నీ చేతికి తప్ప ఇంకెవరి చేతికీ అందకూడదు అన్నాడట. ఎల్లేశం ఇంటికొచ్చి ఆ మాట విసుక్కుంటూ చెప్పాడు. భూలక్ష్మికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లూ తాను నోరు తెరిచి అడగలేనిదాన్ని ఆ ముక్కూమొహం తెలియని మనిషి అడిగి పెట్టాడు. మొగుడు చెప్పులు విప్పకముందే, రేపే పోయి తెద్దామని వెంటపడింది.

"నీకేం తొందరనే?" అన్నాడు ఎల్లేశం.

"పోలీసోళ్లు చెప్పినంక ఆలస్యం చేస్తరా ఎవలన్నా?" అంది. పోలీసుల పేరు చెబితే అతను కదులుతాడు.

కొత్తగూడ ఫ్లైఓవర్ దాటాక ఇనప్పెట్టెలమ్మే దుకాణం ఒకటుంది. అక్కడి సేల్స్‌మన్ సంతోష్ ఇద్దరికీ కూల్‌డ్రింకులు తెప్పించి, మూడు రకాలు వరసగా చూపించాడు. ఒకటి తాళంచెవితో తెరుచుకునేది, ఒకటి నంబర్లు నొక్కితే తెరుచుకునేది, ఒకటి వేలిముద్రతో తెరుచుకునేది. భూలక్ష్మి కూల్‌డ్రింకు ముట్టలేదు. తాళంచెవి పెట్టె ముందు కూర్చుని తలుపు మందం వేలితో కొలిచింది, అంచులు పట్టి గుంజింది, లేచి మోకాలితో ఒక తోపు తోసింది. బియ్యం కొనేటప్పుడు కూడా ఆమె అంత పరీక్ష చేయదు.

"గిది తీస్కుందామయ్యా. తాళం నా దగ్గరుంటది."

"తాళంచెవులు మా తాతల కాలంల. ఇప్పుడెవడు వాడుతున్నడు?" అని ఎల్లేశం నంబర్ల పెట్టె దగ్గరికి నడిచాడు. "గిది బాగున్నది. మన బండి నంబరే పెట్టుకుంటే మర్చిపోయే పనే లేదు" అంటూ ఆ నంబరును దుకాణమంతా వినేట్టు చదివాడు. అతని కార్లకూ, బైకుకూ, ఫోను చివరా ఒకటే ఫ్యాన్సీ నంబరు. వాళ్ల వీధిలో పాలు పోసేవాడికి కూడా అది నోటికి వచ్చు. సంతోష్ ముఖం పక్కకు తిప్పుకుని నవ్వు ఆపుకున్నాడు.

భూలక్ష్మి వేలిముద్ర పెట్టె వైపు చూసింది. "బాబూ, ఎవల ఏలు పెడితే వాళ్లకే తెరుచుకుంటదా?"

"అంతే మేడమ్. మీరు ఎక్కించిన వేళ్లకు తప్ప ఇంకెవరికీ తెరుచుకోదు. కాకపోతే ఒక్కరిదే కాకుండా ఇంట్లో ఇంకొకరిది కూడా ఎక్కించుకోండి. సార్ ఊళ్లో లేనప్పుడు అవసరం పడొచ్చు."

ఎల్లేశానిది ఒకటి, తనది ఒకటి. ఆమె లెక్క అక్కడికక్కడే కుదిరిపోయింది. ఫోనులాగా వేలితో తెరుచుకుంటుందంటే ఎల్లేశానికీ ముచ్చటేసింది. ఎన్నో నెలల తర్వాత ఆ సాయంత్రం భూలక్ష్మి కారులో కళ్లు మూసుకుని కూర్చుంది. కునుకు కూడా పట్టింది.

ఆ సుఖం ఆంజనేయులు ఇంటికి వచ్చేదాకానే. ఆంజనేయులు ప్రొద్దుటూరు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన వాస్తు సిద్ధాంతి. అతన్ని అడగకుండా ఎల్లేశం గోడకు మేకు కూడా కొట్టడు.

"ఇనుము, బరువు, పైగా ఆయుధం. నైరుతిలో తప్ప ఇంగ యాడా పెట్టగూడదు అన్నా. తలుపు ఉత్తరం చూడల్ల" అన్నాడు ఆంజనేయులు, దిక్సూచి తెరవకుండానే.

నైరుతి గదిలో ఉండేది మహేశ్. అంతకుముందు అది పెద్దవాళ్ల గది. పిల్లవాడు దవాఖాన నుంచి వచ్చినప్పుడు, కడుపు నిలకడకైనా ఒంటి నిలకడకైనా నైరుతిలో పడుకోవాల్సిందేనని చెప్పి, మంచాలు మార్పించింది కూడా ఈ ఆంజనేయులే. పాపం అతనికీ బిర్యానీ కథే చెప్పారు.

భూలక్ష్మి మాటకు అడ్డం వచ్చింది. "దేవుని గది పక్కన పెడితే ఏమైతది?"

"అది ఈశాన్యమమ్మా. దేవుని మూల. ఆడ ఇనుము పెడితే ఇల్లు నిలబడదు."

"మా అర్రల పెట్టుండ్రి."

"మీది వాయవ్యం. వాయవ్యంలో పెట్టిన వస్తువు ఇంట్లో ఉండదు. ఎట్లో ఒగట్ల బయటికి పోతాది."

"పోతే పోనీ, మంచిదే గదా" అంది భూలక్ష్మి.

ఆంజనేయులు బిత్తరపోయాడు. ఎల్లేశం కళ్లెర్రజేశాడు. "ఏమైందే నీకు? వాని గదిల ఎందుకొద్దో చెప్పు."

మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆంజనేయులు ఎదురుగా ఉన్నాడు. ఈ మనిషి రోజుకు నాలుగిళ్లు తిరుగుతాడు. ఎల్లేశం ఆమె పెదవులనే చూస్తున్నాడు. ఆమె ఆ మాట మింగేసి, "బిగిస్తుంటే చప్పుడైతది గదా. పిలగానికి నిద్ర పాడైతది" అని నసిగింది. ఒక పూట చప్పుడుకు వాస్తు తప్పుతామా అని మగవాళ్లిద్దరూ తేల్చేశారు. ఇంటి మూలల గురించి ముగ్గురూ అంతసేపు వాదించుకున్నారు కదా, ఆ మూలలో పడుకునే పిల్లవాడి గురించి ఒక్కరి నోటా ఒక్క ముక్క రాలేదు. ఇలాంటి పెద్దరికాలను చూస్తే ఒళ్లు మండుతుంది.

శుక్రవారం పొద్దున ఫిట్టర్ సాయిచంద్ డ్రిల్లింగ్ మిషన్‌తో వచ్చాడు. మహేశ్ మంచం దిగలేదు. కాళ్లు పైకి ముడుచుకుని గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చెక్కిళ్లు లోపలికి పోయి, గడ్డం మాసి, వాడి వయసు తెలియకుండా ఉంది. ఫోను చేతిలో ఉంది కానీ దాన్ని చూడడం లేదు. మంచానికి మూరెడు దూరంలో గోడలోంచి ఎర్రటి పొడి రాలుతుంటే ఆ పొడినే చూస్తున్నాడు. భూలక్ష్మి గుమ్మంలో నిలబడి కొడుకునే చూస్తోంది. డ్రిల్లు ఆగినప్పుడల్లా ఎల్లేశం గొంతు వినిపిస్తోంది. వెనకాల కూడా బోల్టు కొట్టు తమ్మీ, నేలలకు గూడ దింపు, మళ్ల కదలొద్దు.

"ఇగ దీన్ని పీకాలంటే గోడ పీకాలె అంకుల్" అని సాయిచంద్ చెమట తుడుచుకున్నాడు.

ఎల్లేశం భార్య దగ్గర చేయి చాపాడు. భూలక్ష్మి కొంగు ముడి విప్పి తాళంచెవి ఇచ్చింది. అతను పక్కగదిలోకి వెళ్లి రివాల్వర్, తూటాల డబ్బా తెచ్చాడు, తువ్వాలైనా చుట్టకుండా, కూరగాయలు తెచ్చినంత మామూలుగా. మంచం పక్కనుంచి వస్తుంటే భూలక్ష్మి చటుక్కున లోపలికి వచ్చి కొడుక్కూ తుపాకీకీ మధ్య నిలబడింది. రెండింటినీ పెట్టెలో పెట్టారు. ఎల్లేశం బొటనవేలు ఆనించాడు. పచ్చ దీపం వెలిగింది. అతను చిన్నపిల్లవాడిలా మురిసిపోయి రెండుసార్లు మూసి తెరిచి చూశాడు.

"ఇప్పుడు మీరు ఆంటీ" అన్నాడు సాయిచంద్.

భూలక్ష్మి వేలు పెట్టింది. ఎర్ర దీపం. తుడుచుకుని మళ్లీ పెట్టింది. ఎర్ర దీపం. సబ్బుతో కడుక్కుని వచ్చింది, కొబ్బరినూనె రాసుకుని వచ్చింది. కుడిచేతి వేళ్లయ్యాయి, ఎడమచేతి వేళ్లయ్యాయి. కాపురానికి వచ్చిన కొత్తలో ఈ నార్సింగి మడుల్లోనే నాట్లు వేసి, కలుపు తీసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి చింతపండు గింజలు కొట్టి, బూడిదతో అంట్లు తోమి, ఆ వేళ్ల మీద గీతలన్నీ ఎప్పుడో చెరిగిపోయాయి. రేషన్ దుకాణం మిషన్ కూడా ఆమెను గుర్తుపట్టేది కాదు. అప్పుడు నవ్వొచ్చేది. ఇప్పుడు ఏడుపు ముంచుకొచ్చింది. ఈ పెట్టెకు కావాలంటే చర్మం వొలిచి ఇచ్చేది.

"కొంతమందికి పడదు ఆంటీ, ఏం చెయ్యలేం" అన్నాడు సాయిచంద్.

"ఫికర్ లేదు, మావోడు ఉన్నడు గదా" అన్నాడు ఎల్లేశం. కొడుకు వైపు తిరిగాడు. ఆ గొంతులో ప్రేమే ఉంది, అదే ఆమె తట్టుకోలేకపోయింది. "రా బిడ్డా, ఏలు పెట్టు. రేపు నా తర్వాత గా లైసెన్సు నీ పేరు మీదనే వస్తది. నీ గదిలనే ఉంటది, నువ్వే చూస్కోవాలె. మొగపిలగానివి, జర ధైర్యం రావాలె నీకు."

భూలక్ష్మి అరచేయి పెట్టె మీద బోర్లించింది. "వద్దు."

"చెయ్యి తియ్యి."

"పోలీసాయన నీ ఒక్కని చేతికే అన్నడు గదా."

"పోలీసాయన వచ్చి నా ఇంట్ల కాపురం చేస్తడా? నీ ఏలుకైతే లేని పోలీసు వాని ఏలుకు అడ్డమొచ్చిండా? తియ్యి చెయ్యి."

ఆమె తీయలేదు. ఎల్లేశం ఆమె మణికట్టు పట్టుకున్నాడు. సాయిచంద్ ఏం చేయాలో తోచక స్క్రూలు ఏరుకుంటున్నాడు. అప్పుడు మంచం మీద నుంచి మహేశ్ మాట్లాడాడు. గొంతు పెంచలేదు.

"అమ్మ చెప్పదు, నేను చెప్త. నా ఏలు పెట్టకు నాయినా. పెడితే తీస్త."

ఎల్లేశానికి అర్థం కాలేదు. "ఏం తీస్తవ్?"

"పెట్టె తీస్త. ఒక్కన్నే ఉన్నప్పుడు తీస్త. అమ్మ కొంగుకు తాళంచెవి ఎందుకున్నదో నాకెర్కనే. రోజు పొద్దుగాల లేవంగనే దాన్నే చూస్త."

సాయిచంద్ చేతిలోని స్క్రూలు అక్కడే పెట్టేసి, కింద ఉంటానని గొణిగి, గోడవారగా బయటికి నడిచాడు. ఎల్లేశం భార్య మణికట్టు వదిలేశాడు. ముందుగా అతనికి కలిగింది సిగ్గు. పరాయివాడు వినేశాడే అని మెట్ల వైపు చూశాడు. చూడాల్సింది ఆ వైపు కాదని తెలియడానికి ఆ మనిషికి కొంతసేపు పట్టింది.

"గిట్ల మాట్లాడకు బిడ్డా. నీకు ఆ దినం ఫుడ్ పాయి..."

"బిర్యానీ నేను తినలే నాయినా."

భూలక్ష్మి పెట్టె మీది నుంచి చేయి తీసి కొడుకు వైపు తిరిగింది.

"నువ్వందరికి చెప్తుంటే ఇన్న" అన్నాడు మహేశ్. "చెప్పుకోనీ అనుకున్న. గిప్పుడు దీన్ని తెచ్చి నా మంచం పక్కన పెడ్తుంటే, అసలు నాకేమైందో ఈ ఇంట్ల ఒక్కలకన్న ఎర్కనా అని పరేషాన్ అయితున్న."

ఎల్లేశం కూలబడ్డాడు. కింద పెట్టె ప్యాకింగ్ థర్మకోల్ ఉంది, అది అతని బరువుకు పటపటమని విరిగింది. పెళ్లిళ్లలో నలుగురినీ లేపే మనిషి నేల మీద తెల్లటి ముక్కల మధ్య కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఎటు చూడాలో తెలియక తన బొటనవేలినే చూసుకున్నాడు. భూలక్ష్మికి అతని మీద ఇన్నాళ్లుగా పేరుకున్న కోపం పొంగుకొచ్చింది. తిట్టాలనుకుంది. వాలకం చూశాక నోరు రాలేదు.

చాలాసేపటికి ఎల్లేశం లేచాడు. వేలు పెట్టి పెట్టె తెరిచి రివాల్వర్ తీశాడు. తూటాల డబ్బా తీశాడు. ఈసారి తువ్వాలు అడిగి తీసుకుని, వాటిని కనపడకుండా చుట్టాడు.

"ఠాణాల ఇచ్చేసి వస్త. లైసెన్సు గిట్ల ఏం వద్దని రాసిస్త" అన్నాడు. కొడుకు ముఖంలోకి చూడలేకపోయాడు. గుమ్మం దాకా వెళ్లి ఆగి, అటే తిరిగి, "అన్నం తిను బిడ్డా" అన్నాడు. మెట్లు దిగుతూ ఒకచోట తడబడిన చప్పుడు వినిపించింది.

భూలక్ష్మి కిటికీ దగ్గర నిలబడి కారు గేటు దాటేదాకా చూసింది. కారు మలుపు తిరిగాక గుండెల నిండా గాలి పీల్చుకుంది. ఎన్నాళ్లుగానో ఈ ఘడియ కోసం ఎదురుచూసింది. తీరా వచ్చాక వెనక్కి తిరిగితే మహేశ్ అలాగే కాళ్లు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. తుపాకీ ఇల్లు దాటింది. వాడి ముఖంలో అది దాటిన జాడ ఏమీ లేదు. ఇన్నాళ్లూ తాను తాళంచెవికి కాపలా కాసిందే తప్ప, వాణ్ని ఒక్క మాట అడగలేదని ఆమెకు అప్పుడు తట్టింది. మొగుణ్ని తిట్టుకున్న తిట్లలో సగం తనకూ చెందుతాయి.

"ఇప్పటికీ అనిపిస్తదా బిడ్డా?"

మహేశ్ తల ఎత్తి చూశాడు.

"అనిపిస్తది."

"రోజూనా?"

"రోజు కాదు. అనిపించినప్పుడు మాత్రం బాగ అనిపిస్తది."

"అప్పుడు నన్ను లేపుతవా?"

కింద సాయిచంద్ బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయిన చప్పుడైంది. ఎదురుగా కడుతున్న టవర్ మీద ఎవరో ఇనుము కొడుతున్నారు.

"లేపితే ఏం చేస్తవమ్మా?"

ఏదైనా ధైర్యం చెప్పాలని చూసింది. దేవుడి పేరు, డాక్టరమ్మ పేరు, రేపటి ఉద్యోగం, ఒక్కటీ నోటికి రాలేదు. వాడికి ఈ ఇంట్లో అబద్ధాలు చెప్పినవాళ్లు చాలు.

"ఏం చేస్తనో నాకు తెల్వదు కొడుకా. నీ పక్కన కూసుంట. తెల్లారినంక ఇద్దరం కలిసి ఆ డాక్టరమ్మ దగ్గరికి పోదాం."

మహేశ్ తలూపాడు. ఆ ఊపిన తలను నమ్మవచ్చో లేదో తెలియక, భూలక్ష్మి వెళ్లి వాడి పక్కన మంచం మీద కూర్చుంది.